సిగ్గు చదువుకు అడ్డుగోడ కారాదు

(బేగం బజార్‌లో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో డిగ్రీ విద్యార్థినుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి ఇది బేరాలు సాగే వేళ. కొట్టును కుర్రాడికి అప్పగించి వచ్చినవారు ఉన్నారు. పొయ్యి మీది పనిని పక్కింటివారికి చెప్పి వచ్చిన తల్లులు ఉన్నారు. మా పిలుపును మన్నించి వచ్చినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

మేము ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల కళాశాలల్లో చదువుతున్న విద్యార్థినులం. మీ ఇళ్ల పిల్లలమే. కొన్ని నెలలుగా మా కళాశాలలో ఆడపిల్లల ఆరోగ్యం గురించి ఒక చిన్న ప్రయత్నం చేస్తున్నాం. ఆ ప్రయత్నం ఇప్పుడు మీ చేయి అందితే తప్ప ముందుకు సాగని చోట ఆగింది. అందుకే ఈ సమావేశం. మేము మాట్లాడబోయే విషయం ఇళ్లలో గట్టిగా మాట్లాడుకునేది కాదని మాకు తెలుసు. మర్యాద తప్పకుండానే మాట్లాడతాం. కానీ దాచకుండా మాట్లాడతాం.

మనం కూర్చున్న ఈ నేల పేరే ఒక స్త్రీని తలపిస్తుంది. రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు వెలసిందని పెద్దలు చెబుతారు. ఇక్కడి నుంచి అఫ్జల్ గంజ్ నడిచి వెళ్లేంత దూరం. నూట ముప్పై ఏళ్ల క్రితం అక్కడి ఆసుపత్రిలో, నేడు మనం ఉస్మానియా ఆసుపత్రి అంటున్న దాని పూర్వరూపంలో, డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ రోగులకు క్లోరోఫారం ఇచ్చేవారు. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరి చదువుకున్న ఆమె ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఒకరుగా పేరు పొందారు. ఇంకొంచెం ముందుకు, రెడ్‌హిల్స్ వైపు వెళితే నిలోఫర్ ఆసుపత్రి. ఏడవ నిజాం కోడలు నిలోఫర్ బేగం పరిచారిక రఫతున్నిసా 1949లో ప్రసవ సమయంలో మరణించింది. ఆ మరణం తన ఇంటి గోడల మధ్యే ఒక దుఃఖంగా మిగిలిపోకూడదని నిలోఫర్ పట్టుపట్టారు. ఫలితంగా 1953లో ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. మన బంధువుల్లో ఎంతమంది పిల్లలు అక్కడ ప్రాణం నిలుపుకున్నారో మీకే తెలుసు.

ఈ రెండు సంగతులు ఎందుకు చెబుతున్నామంటే, స్త్రీల ఆరోగ్యం గురించి బహిరంగంగా అడగడం బయటి నుంచి వచ్చిన కొత్త వింత కాదు. అది ఈ నగరపు, ఈ పేటల సంప్రదాయం. మేము కొత్త దారి వేయడం లేదు. మూసుకుపోయిన దారిని శుభ్రం చేస్తున్నాం.

మేము ఏమి చూశాం

మా ప్రయత్నం ఒక అట్టపెట్టెతో మొదలైంది. కళాశాలలో మిమ్మల్ని ఆరోగ్యపరంగా ఇబ్బంది పెడుతున్నది ఏమిటో పేరు లేకుండా చీటీ మీద రాసి వేయమని తోటి విద్యార్థినులను కోరాం. ఉర్దూలో రాశారు, తెలుగులో రాశారు, హిందీలో రాశారు. పెద్ద రోగాల పేర్లు వస్తాయని మేము అనుకున్నాం. ఎక్కువ చీటీల్లో వచ్చినది నీటి మాట. ఉదయం ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నీళ్లు తాగరు. సాయంత్రం ఇంటికి చేరేదాకా తాగరు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. అక్కడ తలుపుకు గడియ ఉండదు, కుళాయిలో నీళ్లు రావు, మగ్గు ఉండదు. బుర్ఖా తీసి తగిలించుకోవడానికి గోడకు ఒక కొక్కెమైనా ఉండదు. తడి నేల మీద ఆ వస్త్రాన్ని ఎక్కడ పెట్టాలి? శుభ్రత ఈమాన్‌లో భాగమని నేర్చుకుని పెరిగిన పిల్ల, నీళ్లు లేని చోట ఏం చేయాలి? అందుకే వెళ్లదు. ఎనిమిది గంటలు బిగపట్టుకుంటుంది.

దాని ఫలితం మీకు కనిపించేది వేరే రూపంలో. "మా అమ్మాయికి మాటిమాటికీ జ్వరం వస్తుంది. మూత్రంలో మంట అంటుంది. నడుము నొప్పి అంటుంది. కళాశాలకు పోనంటుంది." నీళ్లు తక్కువ తాగడం, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం మూత్రనాళ వ్యాధులకు దారితీస్తుందని వైద్యులు అందరూ చెబుతారు. అంటే మందుల దుకాణంలో మీరు పెట్టే ఖర్చుకు మూలం కళాశాలలోని విరిగిన గడియ దగ్గర ఉంది.

రెండో రకం చీటీలు నెలసరి గురించి. తరగతి మధ్యలో అవసరం వస్తే ఎవరిని అడగాలో తెలియదు. వాడిన దాన్ని వేయడానికి మూత ఉన్న బుట్ట లేదు. కాబట్టి సంచిలో దాచుకుని ఇంటికి తెచ్చుకుంటారు. లేదా ఆ రోజులకు రావడమే మానేస్తారు. నెలకు రెండు మూడు రోజులు మానేస్తే సెమిస్టరు ముగిసేసరికి ఎన్ని రోజులవుతాయో లెక్క వేయండి. అప్పుడు హాజరు 75 శాతం దగ్గర తక్కువపడుతుంది. రుసుము కట్టమంటారు, లేదా పరీక్షకు అనుమతి లేదంటారు. ఇంట్లో ఒక మాట పుడుతుంది: "ఎలాగూ ఏడాది పోయింది. ఇక చదువు చాలు. మంచి సంబంధం వచ్చింది." ఆ మాట దగ్గర ఒక పిల్ల చదువు ముగుస్తుంది. నెలసరి వల్లే చదువు ఆగిందని ఏ రిజిస్టరులోనూ రాయరు. "వ్యక్తిగత కారణాలు" అని రాస్తారు.

పెద్దలారా, ఈ నష్టం మన సముదాయానికి చిన్నది కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక మన విద్యా స్థితిని దేశం ముందు పెట్టింది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో మళ్లీ చెప్పింది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019–20లో దేశంలో 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020–21లో 19.21 లక్షలకు పడిపోయింది. ఈ విద్యార్థుల్లో దాదాపు సగం ఆడపిల్లలే. మన రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి. 2007 నుంచి బీసీ–ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. ఇంత పోరాడి సాధించుకున్న సీటును ఒక గడియ, ఒక బుట్ట, ఒక కుళాయి లేక పోగొట్టుకుంటే అది ఎవరి నష్టం? రిజర్వేషన్ కోసం ధర్నా చేసిన మనం, ఆ సీటులో కూర్చున్న పిల్ల అక్కడే నిలబడేలా చూడవద్దా?

ధర్మం ఇచ్చిన వెసులుబాటు

మాతో కొందరు పెద్దలు అన్నారు: "ఇవి బయట మాట్లాడే మాటలు కావమ్మా. హయా అనేది ఒకటి ఉంటుంది." హయాను మేము వదులుకోలేదు. కానీ మదీనా స్త్రీలు ఇలాంటి విషయాలను నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికే వచ్చి అడిగి తెలుసుకున్నారన్నది హదీసులు చదివిన అందరికీ తెలుసు. నెలసరి తర్వాత శుద్ధి ఎలా కావాలో ఒక స్త్రీ సభలో అడిగింది. ఆమెను ఎవరూ గద్దించలేదు, సమాధానం లభించింది. అన్సార్ స్త్రీల సిగ్గు వారి జ్ఞానార్జనకు అడ్డు కాలేదని హజ్రత్ ఆయిషా (ర) మెచ్చుకున్నారు. పవిత్ర ఖుర్ఆన్ బఖరా సూరాలోనే ఈ విషయం ప్రస్తావనకు వచ్చింది. యుద్ధంలో గాయపడినవారికి మదీనా మసీదు ఆవరణలోని గుడారంలో సేవ చేసిన రుఫైదా (ర) పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం.

మరో మాట ఆలోచించండి. నెలసరి రోజుల్లో నమాజు నుంచి స్త్రీకి పూర్తి మినహాయింపు ఉంది. ఆ నమాజులను తర్వాత చెల్లించవలసిన పని కూడా లేదు. ఉపవాసాలను మాత్రం తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకుంటే చాలు. అంటే ఆ రోజుల్లో స్త్రీ శరీరానికి విశ్రాంతి అవసరమని మన ధర్మం లెక్కలోకి తీసుకుంది. ఇంత పెద్ద విధి నుంచే వెసులుబాటు ఉన్నప్పుడు, హాజరు పట్టీ నుంచి వెసులుబాటు అడగడం సిగ్గుమాలినతనం ఎలా అవుతుంది?

అయినా మన ఇళ్లలో ఏం జరుగుతోంది? రంజాన్ నెలలో ఉపవాసం లేని రోజుల్లో కూడా అన్నదమ్ములకు తెలియకూడదని పిల్ల తినకుండా, తాగకుండా నటిస్తుంది. వంటగది మూలలో దాక్కుని ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది. కళాశాలలోనూ అదే. దైవం ఇచ్చిన వెసులుబాటును మన మొహమాటం వెనక్కు తీసుకుంటోంది. ఈ ఒక్క ఆచారాన్ని ఈ రంజాన్ నుంచి మీ ఇంట్లో మార్చగలిగితే, మా సమావేశం సగం ఫలించినట్టే.

మా కంటే ముందు నడిచినవారు

ఈ నగరంలో విద్యార్థినులు స్త్రీల గురించి గొంతెత్తడం మాతో మొదలు కాలేదు. 1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని ఏర్పరచుకున్నారు. వీధుల్లో, బస్సుల్లో ఆడపిల్లలను వేధించడాన్ని, వరకట్నాన్ని ప్రశ్నించారు. అత్యవసర పరిస్థితి వారి పనిని అణచివేసింది. 1978లో మన రమీజాబీపై పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం ఈ నగరాన్ని కుదిపేశాయి. అదే ఏడాది హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది.

ఆ సంఘటన సభ్యులు 1985లో పటాన్‌చెరులో ఒక సంగతి గమనించారు. గర్భనిరోధక సూది మందు ఒకదాన్ని, దాని పేరు నెట్–ఎన్, అక్కడి పేద స్త్రీలపై పరీక్షిస్తున్నారు. అది ఇంకా పరీక్ష దశలోనే ఉందని, దాని వల్ల ఏయే ఇబ్బందులు రావచ్చో ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదు. సంఘటన వారు వెళ్లి ఆ స్త్రీలకు విషయం వివరించారు. 1986లో ఢిల్లీలోని సహేలీ వంటి సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్త్రీల ఆరోగ్యం గురించి తెలుగులో చదువుకోవడానికి సరైన పుస్తకం లేదని గుర్తించి, వైద్యులతో కలిసి 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం తెచ్చారు. మా గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉండాలని మేము అడుగుతున్నాం. అలాంటి పుస్తకం ఉర్దూలో, మన హైదరాబాదీ ఉర్దూలో కూడా రావాలని కోరుతున్నాం.

ఇరవై ఏళ్ల తర్వాత అదే పాఠాన్ని భద్రాచలం మళ్లీ నేర్పింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా ఇచ్చారు. వారిలో చాలామంది ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండవలసిన చోట వార్డెన్ల సంతకాలు కనిపించాయి. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఇక్కడ మమ్మల్ని పొరపాటుగా అర్థం చేసుకోవద్దు. ఆ టీకా క్యాన్సర్‌ను నివారించే మంచి టీకా. వైద్యుల సలహాతో మన పిల్లలకు వేయించాలి. మేము చెప్పేది ఒక్కటే: ఎంత మంచి మందైనా పిల్లకు, తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పి, అడిగి ఇవ్వాలి. అడిగే హక్కు, తెలుసుకునే హక్కు పేదవారికీ, మైనారిటీలకూ ఉంది.

మరో రాష్ట్రాన్ని కూడా చూడండి. 2023 జనవరిలో కేరళలోని కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, విద్యార్థి సంఘం కోరిక మీద, ప్రతి సెమిస్టరులో విద్యార్థినులకు హాజరులో అదనంగా రెండు శాతం సడలింపు ఇచ్చింది. కొద్ది రోజులకే ఆ రాష్ట్ర ప్రభుత్వం తన ఉన్నత విద్యాశాఖ కింది విశ్వవిద్యాలయాలన్నింటికీ దాన్ని వర్తింపజేసింది. విద్యార్థినులకు 75కు బదులు 73 శాతం హాజరు చాలన్నది. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు కూడా అంగీకరించింది. ఆకాశం విరిగి పడలేదు. చదువు ప్రమాణాలు కూలిపోలేదు.

ప్రసూతి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. డిగ్రీ మధ్యలో పెళ్లయ్యే పిల్లలు మనలో ఉన్నారు. పెళ్లయిందంటే చదువు ఆగినట్టేనని అనుకుంటాం. కానీ విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2021 డిసెంబరు 14న అన్ని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు, పరీక్ష ఫారాల గడువు పొడిగింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమన్నది. ఆ లేఖ గురించి మన తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు? మన అల్లుళ్లకు, వియ్యంకులకు ఎవరు చెప్పారు?

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు

ఇంటికి తీసుకువెళ్లదగిన కొన్ని విషయాలు చెబుతాం. ఇవి మేము వైద్యులను అడిగి తెలుసుకున్నవి.

మొదటిది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఈ గదిలో కూర్చున్న స్త్రీలలో సగానికి పైగా. స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. "మా అమ్మాయి బద్ధకస్తురాలు, పుస్తకం పట్టగానే నిద్రపోతుంది" అనే ముందు ఒకసారి రక్త పరీక్ష చేయించండి. బడిలో వారానికో నీలిరంగు ఇనుము మాత్ర ఇస్తారు. డిగ్రీకి వచ్చేసరికి అడిగేవారు ఉండరు. ఇంకొకటి, మనకు అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు. చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తిండికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. మాత్రతో పాటు నిమ్మరసం మంచిది. ఖీమా, కలేజీ వండిన రోజు మొదటి ముక్క కొడుకు పళ్లెంలోకే పోకుండా చూడండి.

రెండవది నొప్పి. కొద్దిపాటి నొప్పి మామూలే. కానీ పిల్ల మంచం మీద నుంచి లేవలేనంత నొప్పి, వాంతులు, వారం దాటినా ఆగని రక్తస్రావం, నెలల తరబడి నెలసరి రాకపోవడం మామూలు కాదు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనేది వైద్యం కాదు. ఆడ డాక్టరుకు చూపించాలి.

మూడవది శుభ్రత. ప్యాడ్ అయినా, గుడ్డ అయినా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి. గుడ్డ వాడడం తప్పు కాదు. దాన్ని ఉతికి మగవారి కంట పడకూడదని మంచం కింద, తలుపు వెనుక చీకట్లో ఆరవేయడమే ప్రమాదం. ఎండలో ఆరాలి. పైన పలుచటి దుపట్టా కప్పి ఎండలో వేస్తే హయా నిలుస్తుంది, ఆరోగ్యమూ నిలుస్తుంది.

నాల్గవది మా అమ్మీల గురించి. మన రెండు తెలుగు రాష్ట్రాలు గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో దేశంలో ముందున్నాయి. 2015–16 సర్వేలో దేశ సగటు 3.2 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం మంది స్త్రీలకు ఆ ఆపరేషన్ జరిగింది. నలభై ఏళ్లు నిండకముందే "తీసేస్తే పీడ పోతుంది" అన్న మాట నమ్మి బల్ల ఎక్కినవారు మన బంధువుల్లోనే ఉన్నారు. చదువుకున్న కూతురు పక్కన ఉంటే ఆ రిపోర్టు చదువుతుంది. "వేరే చికిత్స లేదా డాక్టరుగారూ? ఇంకో డాక్టరుకు చూపిద్దాం అమ్మీ" అంటుంది. మా ఆరోగ్యం గురించి మేము నేర్చుకునేది మీకూ అక్కరకు వస్తుంది.

ఎక్కడ చూపించాలన్న ప్రశ్న వస్తుంది. బస్తీ దవాఖానాలు మన పేటల్లోనే ఉన్నాయి. సుల్తాన్ బజార్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. 2023 మార్చి 8న రాష్ట్రంలో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. నిర్ణయించిన కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీల కోసమే కేటాయించారు. రక్తహీనత, మూత్రనాళ వ్యాధులు, నెలసరి సమస్యలు, క్యాన్సర్ పరీక్షలు అందులో ఉన్నాయి. మీ దగ్గరి దవాఖానాలో అడగండి. బుర్ఖా చూసి అక్కడ ఎవరైనా వెటకారంగా మాట్లాడితే, మాలో కొందరికి అలాంటి అనుభవం ఉంది, తిరిగి వచ్చేయకండి. ఫిర్యాదు రాయండి. రాయడం రాకపోతే మేము రాసిపెడతాం. ఆ దవాఖానా మన పన్నులతో నడుస్తుంది. అక్కడ వైద్యం దయ కాదు, హక్కు.

మేము అడుగుతున్నది

మా కళాశాల యాజమాన్యానికి మేము ఇచ్చిన వినతిపత్రంలో ఐదు కోరికలు ఉన్నాయి.

ఒకటి: ప్రతి అంతస్తులో విద్యార్థినుల మరుగుదొడ్డికి గడియ, నీళ్లు, మగ్గు, మూత ఉన్న బుట్ట, వస్త్రాలు తగిలించుకోవడానికి కొక్కెం ఉండాలి.

రెండు: అవసరం పడిన పిల్ల ఎవరినీ బతిమాలకుండా ప్యాడ్ తీసుకునే చోటు ఒకటి ఉండాలి. ఖర్చు పెద్దది కాదు. ఈ బజారులో టోకు ధరకు కొంటే ఎంతవుతుందో లెక్క మేమే వేసి ఇచ్చాం.

మూడు: నెలకొకసారి మహిళా వైద్యురాలు రావాలి. ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష జరగాలి. ఫలితం ఆ పిల్లకు మాత్రమే తెలియాలి.

నాలుగు: హాజరులో సడలింపు కోసం విశ్వవిద్యాలయానికి కళాశాల సిఫారసు చేయాలి. దానికి రుజువులు అడగకూడదు. 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని భుజ్‌లో ఒక కళాశాల హాస్టలు పిల్లలను నెలసరిలో ఉన్నారో లేదో చూడడానికి బట్టలు విప్పించిన అవమానం దేశమంతా విన్నది. మాకు కావలసింది గౌరవంతో కూడిన సడలింపు.

ఐదు: లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ పేర్లు నోటీసు బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో ఉండాలి. 2013 చట్టం, 2015 యూజీసీ నియమాలు ఆ కమిటీని తప్పనిసరి చేశాయి. మనసుకు తగిలిన గాయం కూడా ఆరోగ్య సమస్యే.

వీటిలో మొదటిది కొంత నెరవేరింది. రెండు అంతస్తుల్లో గడియలు పడ్డాయి, బుట్టలు వచ్చాయి. కొక్కేలు వచ్చాయి. ఆ కొక్కెం చూసి మా తోటి పిల్లలు ఎంత సంతోషించారో మీకు చెప్పలేం. మిగతావాటికి యాజమాన్యం ఒకే మాట అంటోంది: "ఇవన్నీ మీ నలుగురు అడుగుతున్నారు. మీ తల్లిదండ్రులకు ఇష్టముందా? రేపు వారే వచ్చి, మా పిల్లలతో ఇలాంటి మాటలేమిటని గొడవ చేయరా?"

ఈ ప్రశ్నకు సమాధానం మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది.

అందుకే ఈ కాగితం తెచ్చాం. ఉర్దూలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు రాసి ఉంది. చదవండి, చదివించుకోండి. నచ్చితే సంతకం చేయండి, లేదా వేలిముద్ర వేయండి. మీ అమ్మాయి పేరు అందులో ఎక్కడా ఉండదు. మీ పేరు, మీరు ఒక విద్యార్థిని తల్లి లేదా తండ్రి అన్న మాట మాత్రమే ఉంటుంది. ఇంటి పరువు పోతుందని భయపడనక్కరలేదు.

సంతకాలతో ఆగబోవడం లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలను అడగవచ్చు: మరుగుదొడ్ల నిర్వహణకు ఎంత ఖర్చు చేశారు, ఎవరికి చెల్లించారు అని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. న్యాక్ బృందం కళాశాలకు వచ్చినప్పుడు విద్యార్థినుల భద్రత, కౌన్సెలింగ్, విశ్రాంతి గది గురించి అడుగుతుంది. ఆ రోజు మాత్రమే తాళం తీసే గదిని మిగతా రోజుల్లోనూ తెరవమని అడుగుతాం. నెలసరి ఆరోగ్యంపై దేశమంతటికీ ఒకే విధానం రూపొందించమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కేంద్రాన్ని ఆదేశించింది. పాఠశాల పిల్లల కోసం వచ్చిన ఆ వ్యాజ్యం స్ఫూర్తి కళాశాల గేటు దగ్గర ఆగిపోకూడదు. 2018 జూలైలో ప్యాడ్లపై 12 శాతం జీఎస్టీని ఎత్తివేశారంటే, దేశమంతటా స్త్రీలు అడిగారు కాబట్టే.

అబ్బాలకు, సోదరులకు ప్రత్యేకంగా ఒక మనవి. ఇది ఆడవారి విషయమని లేచి వెళ్లిపోకుండా ఇంతసేపు కూర్చున్నారు. అందుకు ధన్యవాదాలు. మీలో చాలామంది కొట్లలో ఆడపిల్లలు పని చేస్తున్నారు. వారికీ మరుగుదొడ్డి కావాలి. సరుకు కొనడానికి ఊళ్ల నుంచి వచ్చి పొద్దంతా ఈ బజారులో తిరిగే స్త్రీలకూ కావాలి. కళాశాలను అడిగే మనం మన కొట్టు సంగతి కూడా చూసుకోవాలి. మందుల దుకాణంలో చెల్లెలి కోసం ప్యాడ్ కొనడం అన్నకు నామోషీ కాదు. నల్ల సంచిలో చుట్టి ఇవ్వమని అడగనక్కరలేదు.

అమ్మీలకు చివరి మాట. మీ కాలంలో మీకు ఎవరూ చెప్పలేదు. మీరు ఓర్చుకున్నారు. ఆ ఓర్పును మేము గౌరవిస్తాం. కానీ అదే ఓర్పును మా నుంచి ఆశించకండి. మాకు మీ ఓర్పు వద్దు, మీ మాట కావాలి. 1924లో ఆడపిల్లల కోసం మొదలై 1949లో కోఠీ రెసిడెన్సీ భవనంలోకి వచ్చిన కళాశాల ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఆ తొలి రోజుల్లో పర్దా వేసిన బండ్లలో పిల్లలను చదువుకు పంపిన తల్లులు లోకం ఏమంటుందోనని ఆగి ఉంటే, ఈ రోజు మేము ఇక్కడ నిలబడి మాట్లాడేవాళ్లం కాదు.

కాగితం మీ ముందుకు వస్తోంది. కలం కూడా ఉంది. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, చదువును, గౌరవాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.